గణితం డిగ్రీ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ పరీక్షలు అయిపోగానే బీఎస్సీ మ్యాథ్స్ వాళ్ల నుంచి ఏటా దాదాపు ఇవే సందేహాలు వస్తాయి. అందుకే వాటిని దశల వారీగా ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లిపోవచ్చు. ప్రవేశ పరీక్షలు, కంపెనీల నిబంధనలు ఏడాదికేడాది మారుతుంటాయి. దరఖాస్తు చేసే ముందు ఆ ఏటి నోటిఫికేషన్ ఒకసారి చదవండి.

## మొదలుపెట్టే ముందు

బీఎస్సీ మ్యాథ్స్ చేశాను. బీటెక్ లేకుండా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నిజంగా వస్తుందా?

వస్తుంది. కాకపోతే బీటెక్ వాళ్లు వెళ్లే గుమ్మం వేరు, మీరు వెళ్లే గుమ్మం వేరు. పెద్ద సర్వీసు కంపెనీలు (ఇతర సంస్థల కోసం సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేవి) బీఎస్సీ, బీసీఏ వాళ్ల కోసం విడిగా నియామకాలు జరుపుతాయి. టీసీఎస్‌లో ఇవి ఇగ్నైట్, స్మార్ట్ హైరింగ్ అనే పేర్లతో జరుగుతాయి. విప్రోలో వర్క్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్ ప్రోగ్రామ్ అని ఒకటుంది. అందులో ఉద్యోగం చేస్తూనే కంపెనీ ఖర్చుతో ఎంటెక్ చదువుకోవచ్చు, బదులుగా 60 నెలలు ఉంటామని ఒప్పందం రాయాలి.

చాలామంది పొరపడేది తేదీల దగ్గర. ఈ నియామకాల్లో ఎక్కువగా ఆ ఏడాది పాసవుతున్న బ్యాచ్‌నే తీసుకుంటారు. కాబట్టి ఆఖరి సంవత్సరం మొదట్లోనే కంపెనీ కెరీర్ పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. మెమో చేతికొచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ గుమ్మం మూసుకుపోతుంది. ఆ తర్వాత మిగిలేవి చిన్న కంపెనీలు, ఇంటర్న్‌షిప్‌లు, లేదా ఎంసీఏ దారి.

నాది ఎంపీసీ, కంప్యూటర్ సబ్జెక్టు లేదు. ఎంపీసీఎస్ వాళ్ల కన్నా వెనకబడినట్టేనా?

వెనకబడ్డారు గానీ, ఆ తేడా పెద్దది కాదు. వాళ్లు సిలబస్‌లో సి భాష, డేటా స్ట్రక్చర్స్ (డేటాను అమర్చుకునే పద్ధతులు), డీబీఎంఎస్ (డేటాబేస్ నిర్వహణ) చదివి ఉంటారు. చాలా కాలేజీల్లో అది రికార్డు పుస్తకంలోకి ప్రోగ్రాములు ఎక్కించడంతో ముగిసిపోతుంది. రోజూ రెండు గంటలు స్వయంగా టైప్ చేసి, తప్పులు వెతికి, నడిపించుకుంటే రెండు నెలల్లో ఆ తేడా పూడుతుంది. దరఖాస్తు ఫారంలో మాత్రం అర్హత ఉన్న సబ్జెక్టుల జాబితా చూసుకోండి. కొన్నిచోట్ల గణితం ఉంటే చాలంటారు, కొన్నిచోట్ల కంప్యూటర్ సైన్స్ తప్పనిసరి అంటారు.

డిగ్రీలో చదివిన గణితం ప్రోగ్రామింగ్‌లో ఎక్కడ పనికొస్తుంది?

మీరు అనుకున్న చోట తక్కువ, అనుకోని చోట ఎక్కువ. అవకలన సమీకరణాలు, ఘన జ్యామితి మామూలు వెబ్ అప్లికేషన్ పనిలో ఎదురుకావు. గణితానుగమనం మాత్రం రోజూ ఎదురవుతుంది. రికర్షన్, అంటే ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం, అదే. n=1కి నిజమని చూపి, k నుంచి k+1కి వెళ్లే మెట్టు కట్టినట్టే, ఆగే షరతు రాసి, చిన్న సమస్యలోంచి పెద్దదాన్ని కడతారు. ఆగే షరతు మరిచిపోతే ప్రోగ్రాం స్టాక్ ఓవర్‌ఫ్లో అని కూలిపోతుంది.

ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని చూసే ప్రోగ్రాం తీసుకోండి. 1,000,000,007ని వరసగా అన్ని సంఖ్యలతో భాగించి చూస్తే వంద కోట్ల సార్లు తిరగాలి. వర్గమూలం దాకా చాలని తెలిసినవాడికి 31,622 సార్లు సరిపోతుంది. ఎందుకు చాలో మీరు రెండు వాక్యాల్లో నిరూపించగలరు. ఇంటర్వ్యూలో అడిగేదీ ఆ రెండు వాక్యాలే. శేషాల అంకగణితం హ్యాషింగ్‌లోనూ, క్రిప్టోగ్రఫీలోనూ వస్తుంది. మాత్రికలు, సదిశాంతరాళాలు, సంభావ్యత మెషిన్ లెర్నింగ్‌లో అడుగడుగునా ఉంటాయి. గ్రాఫ్ సిద్ధాంతం మీ సిలబస్‌లో లేకపోతే అది ఒక్కటి విడిగా చదువుకోండి.

నాది తెలుగు మీడియం. ఇంగ్లిష్ రాకుండా కోడింగ్ వస్తుందా?

కోడింగ్‌కు కావలసిన ఇంగ్లిష్ చాలా తక్కువ. ప్రోగ్రామింగ్ భాషల్లో తప్పనిసరి పదాలు కొన్ని పదుల్లోనే ఉంటాయి, పైథాన్‌లో అయితే 35. అసలు చిక్కు ఎర్రర్ మెసేజ్ చదవడంలో వస్తుంది. పైథాన్ ఎర్రర్‌ను కింది నుంచి పైకి చదవాలి. ఆఖరి వరసలో తప్పు పేరు, దాని పైన ఫైలు, లైన్ నంబరు ఉంటాయి. మొదటి నెలలో ఎదురైన ప్రతి ఎర్రర్‌ను నోటుబుక్కులో రాసి, పక్కన దాని అర్థం, సరిచేసిన పద్ధతి తెలుగులోనే రాసుకోండి. అవే పదిహేనో ఇరవయ్యో మళ్లీమళ్లీ వస్తుంటాయి.

మాట్లాడే ఇంగ్లిష్ సంగతి వేరు. దాన్ని దాటవేయడానికి వీల్లేదు. మీరు రాసిన ప్రోగ్రామును రోజూ 5 నిమిషాలు ఇంగ్లిష్‌లో బయటికి చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో నేర్పే పలకరింపుల కన్నా ఇది ఇంటర్వ్యూలో ఎక్కువ అక్కరకొస్తుంది.

ఎలాంటి లాప్‌టాప్ కొనాలి? సెకండ్ హ్యాండ్ పర్వాలేదా?

పర్వాలేదు. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే నేర్చుకోవడానికి చాలు. ఆండ్రాయిడ్ యాప్‌లు చేద్దామనుకుంటే 16 జీబీ చూడండి. ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతిది తీసుకోండి, అంతకు ముందువాటికి విండోస్ 11 మద్దతు లేదు, విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరులో ఆగిపోయింది. పాత లాప్‌టాప్ ఇంట్లో పడి ఉంటే హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించి లైనక్స్ ఎక్కించుకోండి, హాయిగా నడుస్తుంది. ఫోన్‌లో కోడింగ్ నేర్చుకుందామన్న ఆలోచన మాత్రం మానుకోండి.

## నేర్చుకునే దశ

పైథాన్ నేర్చుకోవాలా, జావా నేర్చుకోవాలా?

పరీక్షకు మూడు నెలలే ఉంటే పైథాన్. ఆరు నెలలు, ఆపైన సమయం ఉండి సర్వీసు కంపెనీలోకి వెళ్లాలనుకుంటే జావా. బ్యాంకులు, బీమా సంస్థల పాత ప్రాజెక్టులు చాలావరకు జావా మీద నడుస్తున్నాయి, జావాలో వెబ్ అప్లికేషన్లు కట్టే స్ప్రింగ్ బూట్ తెలిసినవాళ్లకు గిరాకీ ఉంది. రెండూ కలిపి మొదలుపెట్టకండి. ఒకదానిలో 200 చిన్న ప్రోగ్రాములు రాశాక రెండోది మూడు వారాల పని.

అమీర్‌పేటలో కోర్సులో చేరాలా? ఇంట్లో కూర్చుని నేర్చుకోలేమా?

మీకు మీరే సమయం పెట్టుకుని కూర్చోగలిగితే అక్కర్లేదు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీల, ఇతర సంస్థల అధ్యాపకుల పాఠాలు ఉచితం. తెలంగాణలో టాస్క్ (ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ), ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ నడిపే శిక్షణలు ఉన్నాయి. మీ కాలేజీ అందులో నమోదై ఉందేమో ప్లేస్‌మెంట్ అధికారిని అడగండి.

ఊళ్లో ఉంటే చదవలేం, పక్కన నలుగురు చదువుతుంటేనే సాగుతుంది అనుకునేవాళ్లకు కోర్సు పనికొస్తుంది. అప్పుడు హాస్టల్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి, కొన్నిసార్లు ఫీజు కన్నా అదే ఎక్కువవుతుంది. చేరే ముందు రెండు మూడు డెమో క్లాసులు వినండి. చూడవలసింది ఒక్కటే: సారు బోర్డు మీద రాసింది మీరు దింపుకుంటున్నారా, లేక మీరు రాసింది ఎవరైనా దిద్దుతున్నారా. దిద్దేవాళ్లు లేని క్లాసు కన్నా యూట్యూబ్ నయం. ఫీజు వాయిదాల్లో కట్టండి. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్న బోర్డును బట్టి నిర్ణయం తీసుకోకండి.

రోజుకు ఎన్ని గంటలు, మొత్తం ఎన్ని నెలలు పడుతుంది?

కాలేజీకి వెళ్తూ రోజుకు రెండు గంటలు పెడితే 8 నుంచి 10 నెలలు. డిగ్రీ అయిపోయి రోజుకు ఆరు గంటలు పెట్టగలిగితే 4 నుంచి 5 నెలలు. ఖాళీగా ఉన్నవాళ్ల క్రమం సుమారుగా ఇలా సాగుతుంది. మొదటి 5 వారాలు భాష మీదే ఉండాలి: లూపులు, ఫంక్షన్లు, జాబితాలు, ఫైళ్లు, క్లాసులు. తర్వాత 2 వారాలు ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష. గిట్ (కోడ్‌లో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే సాధనం) మూడు రోజుల పని, కానీ దాన్ని మొదటి వారంలోనే అలవాటు చేసుకోవాలి. ఆ పైన 5 వారాలు డేటా స్ట్రక్చర్స్, రోజుకు రెండు లెక్కల చొప్పున. చివరి 6 వారాలు ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్ (వెబ్ అప్లికేషన్ కట్టడానికి సిద్ధంగా దొరికే చట్రం), దాని మీద ఒక ప్రాజెక్టు.

ఈ ప్రణాళిక దెబ్బతినేది ఎక్కువగా ఆరో వారం దగ్గర. భాష వచ్చేసినట్టు అనిపించి మరో కొత్త భాషలోకి, లేదా నేరుగా ఏఐ కోర్సులోకి దూకేస్తారు. వీడియోలు చూసిన గంటలను నేర్చుకున్న గంటలుగా లెక్కేయడం ఇంకో పొరపాటు. గంట వీడియోకు రెండు గంటల టైపింగ్ ఉండాలి.

మ్యాథ్స్ నుంచి వచ్చినవాళ్లు కోడ్‌లో తరచూ చేసే తప్పులేంటి?

మొదటిది సమానం గుర్తు. గణితంలో x = x + 1 అసంబద్ధం. ప్రోగ్రాంలో మాత్రం కుడివైపు విలువ లెక్కగట్టి ఎడమవైపు పేరులో పెట్టమని దాని అర్థం. సమానమా కాదా అని అడగడానికి రెండు సమానం గుర్తులు కావాలి.

రెండోది పూర్ణాంకాల భాగహారం. జావాలో 7, 8ల సగటును (7+8)/2 అని రాస్తే 7 వస్తుంది, 7.5 రాదు. రుణ సంఖ్యల దగ్గర ఇంకో మెలిక ఉంది. -7ని 3తో భాగిస్తే శేషం పైథాన్‌లో 2, జావాలో -1. మీ పుస్తకంలో శేషం ఎప్పుడూ రుణం కాదు కాబట్టి ఇది మ్యాథ్స్ వాళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది.

మూడోది, సంఖ్యలకు అంతు లేదనుకోవడం. జావా మామూలు పూర్ణాంకం 2,147,483,647 దగ్గర ఆగిపోతుంది. 12 ఫ్యాక్టోరియల్ 479,001,600 కాబట్టి అందులో పడుతుంది. 13 ఫ్యాక్టోరియల్ 6,227,020,800 రావాలి, కానీ 1,932,053,504 అని వస్తుంది. ఎర్రరూ ఉండదు, హెచ్చరికా ఉండదు, తప్పు జవాబు నిబ్బరంగా తెర మీద కనబడుతుంది. అసలు విలువలోంచి 2 ఘాతం 32 తీసేసి చూడండి, సరిగ్గా అదే సంఖ్య. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఈ బాధ లేదు. అందుకే పైథాన్ నుంచి జావాకు మారినవాళ్లు ఇక్కడ తప్పకుండా ఒకసారి కాలుజారుతారు. బైనరీ సెర్చ్‌లో (వరసలో ఉన్న జాబితాను సగం సగం చేస్తూ వెతకడం) రెండు చివర్లను కూడి సగం చేసే దగ్గర కూడా ఇదే తప్పు దాగి ఉంటుంది. జావా సొంత లైబ్రరీలోనే అది ఏళ్ల తరబడి ఉండి 2006లో అందరికీ తెలిసింది.

నాలుగోది దశాంశాలు. 0.1కి 0.2 కూడితే 0.30000000000000004 వస్తుంది. అందుకే డబ్బును పైసల్లో పూర్ణాంకంగా దాచుకోవాలి.

చివరగా, అన్నిటికీ ఒంటి అక్షరం పేర్లు పెట్టే అలవాటు. నల్లబల్ల మీద అది అందం. 400 లైన్ల ఫైలులో p అంటే ఏమిటో మరుసటి నెల మీకే గుర్తుండదు.

ఎస్‌క్యూఎల్ ఎంతవరకు నేర్చుకోవాలి?

జాయిన్లు నాలుగు రకాలు, గ్రూప్ బై, హ్యావింగ్, సబ్ క్వెరీ, ఇండెక్స్ అంటే ఏమిటో తెలిస్తే ఫ్రెషర్‌కు చాలు. రెండో అత్యధిక జీతం కనుక్కోమనే ప్రశ్న ఇంటర్వ్యూల్లో అరిగిపోయింది, అయినా అడుగుతూనే ఉంటారు. దాన్ని మూడు పద్ధతుల్లో రాయగలగాలి. నల్ దగ్గర జాగ్రత్త. నల్ అంటే సున్నా కాదు, తెలియదు అని. కాబట్టి నల్‌ను నల్‌తో పోల్చినా నిజం అని రాదు. నాట్ ఇన్ జాబితాలో ఒక్క నల్ పడితే ఫలితం మొత్తం ఖాళీ అయిపోతుంది. సమితులు చదివినవాళ్లకు ఎస్‌క్యూఎల్ అందరికన్నా తొందరగా వస్తుంది. జాయిన్ అంటే కార్టీసియన్ లబ్ధం మీద షరతు, అంతే.

ప్రాజెక్టు ఏం చేయాలి? అందరూ లైబ్రరీ మేనేజ్‌మెంటే చేస్తున్నారు.

మీకు తెలిసిన లెక్క ఉన్న పని ఎంచుకోండి. ఉదాహరణకు చిట్టీ. 20 మంది, 20 నెలలు, నెలకు 5,000, మొత్తం లక్ష రూపాయల చిట్టీ అనుకోండి. ఐదో నెలలో ఒకరు 25,000 తోసి, అంటే అంత వదులుకుని, పాట పాడుకుంటే వాళ్ల చేతికి 75,000 వస్తుంది. తోసిన దాంట్లో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోగా 20,000ను అందరికీ పంచితే తలా వెయ్యి, అంటే ఆ నెల కట్టేది 4,000. సభ్యులు, నెలలు, పాటలు, చెల్లింపులు అని నాలుగు పట్టికలు. లాగిన్, నెలవారీ నివేదిక. ఇక్కడివరకు ఎవరైనా చేస్తారు.

ఇప్పుడు అసలు ప్రశ్న పెట్టుకోండి: పాట పాడినవాళ్లకు ఎంత వడ్డీ పడింది? నెలకు సగటున 4,300 కడుతూ ఐదో నెలలో 75,000 తీసుకున్నవాళ్లకు నెలకు సుమారు 2.75% పడుతుంది. అంటే నూటికి రెండు ముప్పావు రూపాయల వడ్డీ. దీన్ని సమద్విఖండన పద్ధతిలో వెతికితే 30 దఫాల్లో కావలసినంత కచ్చితంగా వస్తుంది. అయితే 0 నుంచి 10% మధ్య వెతికితే దొరికే జవాబు, 0 నుంచి 100% మధ్య వెతికితే దొరకదు. మొదటి నాలుగు నెలలు కట్టి, ఐదో నెల తీసుకుని, మళ్లీ కట్టడం వల్ల గుర్తు రెండుసార్లు మారుతుంది, ధన మూలాలు రెండు ఉండొచ్చు, రెండు చివర్లలోనూ విలువ రుణమే అవుతుంది. ఈ సంగతి కనిపెట్టి, చివర్ల గుర్తులు చూసుకున్నాకే వెతికేలా రాశారనుకోండి, ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు దాని మీదే గడిచిపోతాయి.

కాలేజీ పరీక్షల టైంటేబుల్ కూడా మంచి ప్రాజెక్టే. ఒకే విద్యార్థి రాసే రెండు సబ్జెక్టులు ఒకే పూట పడకూడదు అనేది గ్రాఫుకు రంగులు వేసే సమస్య. ఏది చేసినా ఇంటర్నెట్‌లో పెట్టి నడిచే లింకు ఇవ్వండి. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (వేరే సేవలను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాలు) గిట్‌హబ్‌లోకి, అంటే గిట్ కోడ్‌ను ఇంటర్నెట్‌లో ఉంచే చోటులోకి, ఎక్కించకండి. తర్వాత తీసేసినా పాత కమిట్లలో (గిట్ దాచిన పాత మార్పుల్లో) కనబడుతూనే ఉంటాయి, ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం.

ఏఐ కోడ్ రాసేస్తోంది కదా, ఇప్పుడు నేర్చుకుని లాభమేంటి?

అది రాసింది సరైనదో కాదో చెప్పేవాళ్లు కావాలి. ఆ పని నేర్చుకోవడానికి స్వయంగా తప్పులు చేయడం తప్ప వేరే దారి లేదు. మామూలు ఫారాలు, ఒకే తరహా కోడ్ రాసే పని తగ్గుతోందన్న మాట మాత్రం నిజమే. నేర్చుకునేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి: మొదటి 30 నిమిషాలు ఏఐని అడగొద్దు. ఆ తర్వాత కూడా జవాబు కాకుండా, నా కోడ్‌లో తప్పు ఎక్కడుందో సూచన ఇవ్వమని అడగండి. నిరూపణల్లో లొసుగు పట్టుకునే అలవాటు మీకు ఉంది. ఏఐ ఇచ్చిన కోడ్‌కు ఖాళీ జాబితా, సున్నా, రుణ సంఖ్య, చాలా పెద్ద సంఖ్య ఇచ్చి చూడండి.

మ్యాథ్స్ కాబట్టి నేరుగా డేటా సైన్స్‌లోకి వెళ్లొచ్చా?

డిగ్రీతోనే డేటా సైంటిస్టుగా చేరడం అరుదు, ఆ ఉద్యోగాలకు ఎక్కువగా పీజీ గానీ అనుభవం గానీ అడుగుతారు. డేటా అనలిస్టుగా మొదలై రెండేళ్లలో అటు జరగడం నడిచే దారి. దానికి ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, పవర్ బీఐ, పైథాన్‌లో పాండాస్ అనే డేటా లైబ్రరీ కావాలి. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ కలిపి చదివిన ఎంఎస్‌సీఎస్ గ్రూపువాళ్లకు ఇక్కడ కాస్త మొగ్గు ఉంటుంది.

## పై చదువా, ఉద్యోగమా

ఎంసీఏ చేయాలా, వచ్చిన చిన్న ఉద్యోగంలో చేరాలా?

ఇంటి పరిస్థితి రెండేళ్లు ఆగనిస్తే, మంచి కాలేజీ దొరికితే, ఎంసీఏ. దొరకకపోతే ఉద్యోగం. పేరుకు ఎంసీఏ, క్యాంపస్‌కు ఒక్క కంపెనీ రాని కాలేజీలో రెండేళ్లు పెట్టడం నష్టం. చేరే ముందు ఆ కాలేజీకి గత రెండేళ్లలో ఎంసీఏ వాళ్ల కోసమే వచ్చిన కంపెనీల పేర్లు అడగండి. బీటెక్ వాళ్లకు వచ్చినవి చూపిస్తే లెక్కలోకి తీసుకోకండి.

2020-21 నుంచి ఎంసీఏ రెండేళ్లే. తెలుగు రాష్ట్రాల్లో ఐసెట్ ద్వారా చేరాలి. అందులో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. వాటిలో 75 గణిత సామర్థ్యానివి, 75 విశ్లేషణ సామర్థ్యానివి, అంటే మూడొంతులు మీ బలం ఉన్న చోటే. ఎన్ఐటీల్లో ఎంసీఏకు నిమ్‌సెట్ రాయాలి. వరంగల్ ఎన్ఐటీ కూడా అందులోదే. అక్కడ 120 ప్రశ్నల్లో 50 గణితానివే, 1000 మార్కుల్లో 600 వాటికే. తప్పు జవాబుకు మార్కులు తగ్గుతాయి. బీఎస్సీ మ్యాథ్స్ వాళ్లు నిమ్‌సెట్ రాయకుండా ఊరుకోవడం మాకు అర్థం కాని విషయాల్లో ఒకటి.

ఎంఎస్సీ మ్యాథ్స్ చేశాక సాఫ్ట్‌వేర్‌లోకి రావచ్చా?

రావచ్చు, అప్పుడు దారులు కొన్ని పెరుగుతాయి కూడా. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఎంటెక్ కంప్యూటర్ సైన్స్‌కు గణితంలో మాస్టర్స్ చేసినవాళ్లు అర్హులు. గేట్‌లో కంప్యూటర్ సైన్స్ పేపరు రాసి ఎంటెక్‌కు ప్రయత్నించవచ్చు, ఏ సంస్థ ఎంఎస్సీ వాళ్లను తీసుకుంటుందో విడివిడిగా చూసుకోవాలి. డిగ్రీ నుంచే అయితే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎంఎస్సీ కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ ఉన్నాయి, దాని ప్రవేశ పరీక్ష కఠినం. సాఫ్ట్‌వేరే లక్ష్యమని ముందే తెలిస్తే మాత్రం శుద్ధ గణితంలో ఎంఎస్సీ చుట్టుదారి.

మూడేళ్ల డిగ్రీతో అమెరికాలో ఎంఎస్ సీటు ఇస్తారా?

కొన్ని విశ్వవిద్యాలయాలే ఇస్తాయి. చాలావాటికి 16 ఏళ్ల చదువు కావాలి, ఇంటర్, మూడేళ్ల డిగ్రీ కలిపితే 15 ఏళ్లే. ఎంసీఏ లేదా ఎంఎస్సీ చేసి వెళ్తే ఆ ఇబ్బంది తీరుతుంది. ఇక్కడి నుంచే నేరుగా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వెళ్లేవాళ్లకు కూడా ఇదే మెలిక. అక్కడి లెక్కలో మూడేళ్ల డిగ్రీ ఒక్కటే నాలుగేళ్ల డిగ్రీకి సమానం కాదు, తక్కువైన ఒక ఏడాది చదువుకు మూడేళ్ల అనుభవం చొప్పున జోడించి చూస్తారు. కంప్యూటర్ కోర్సులు చదవనివాళ్లను ఎంఎస్‌లో చేరాక ముందస్తు కోర్సులు చేయమంటారు. వాటి ఫీజు అదనం.

## దరఖాస్తులు, ఇంటర్వ్యూలు

రెజ్యూమేలో ఏం రాయాలి? అనుభవం ఏమీ లేదు.

ఒకే పేజీ, పీడీఎఫ్. పైన పేరు, ఫోన్, గిట్‌హబ్ లింకు. తర్వాత ప్రాజెక్టులు, ఆ తర్వాత చదువు. ప్రాజెక్టు కింద వాడిన సాంకేతికతల జాబితా కన్నా అది చేసే పని, మీరు విప్పిన చిక్కు రెండు వరసల్లో రాయండి. తండ్రి పేరు, మతం, డిక్లరేషన్, సంతకం అక్కర్లేదు. రాని భాష పేరు ఒక్కటి కూడా రాయకండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ముందు దాన్నే పట్టుకుంటారు.

నాకు 60% లేదు, ఒక బ్యాక్‌లాగ్ కూడా ఉంది. ఇక అంతేనా?

పెద్ద కంపెనీల మూకుమ్మడి నియామకాల్లో పది, ఇంటర్, డిగ్రీ మూడింట్లోనూ 60% లేదా 50% అడగడం మామూలు, ఆ వడపోత కంప్యూటరే చేస్తుంది. సీజీపీఏను శాతంగా మార్చేటప్పుడు మీ విశ్వవిద్యాలయం సూత్రమే వాడండి, ఒక్క శాతం పెంచి రాసినా తర్వాతి తనిఖీలో ఆఫర్ పోతుంది. చిన్న కంపెనీలు మార్కుల గురించి అంతగా పట్టించుకోవు. ఐసెట్‌లో మంచి ర్యాంకుతో ఎంసీఏలో చేరి అక్కడ 70% పైన తెచ్చుకోవడం ఇంకో మార్గం, అయితే డిగ్రీ మార్కులు అప్పుడూ అడిగే కంపెనీలు ఉంటాయి. బ్యాక్‌లాగ్ ముందు తీర్చుకోండి.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

ఆప్టిట్యూడ్, కోడింగ్, టెక్నికల్, హెచ్ఆర్ అని సాధారణంగా నాలుగు మెట్లు. ఆప్టిట్యూడ్‌లో మ్యాథ్స్ వాళ్లు తేలిగ్గా నెగ్గుతారనుకుంటాం గానీ, పూర్తి సాధన రాసే అలవాటు వల్ల సమయం చాలక దెబ్బతింటారు. కాలం-పని, శాతాలు, లాభనష్టాల లెక్కలు ప్రశ్నకు నిమిషం చొప్పున గడియారం పెట్టుకుని చేయండి.

టెక్నికల్‌లో కాగితం ఇచ్చి ప్రోగ్రాం రాయమంటారు. వెంటనే రాయకండి. ఇన్‌పుట్ ఖాళీగా ఉండొచ్చా, రుణ సంఖ్యలు ఉంటాయా అని అడిగి, ఒక చిన్న ఉదాహరణ వేసి, అప్పుడు రాయండి. రాశాక పట్టిక గీసి ప్రతి వేరియబుల్ విలువ ఎలా మారుతుందో చూపించండి. తట్టకపోతే మౌనంగా ఉండిపోవద్దు, ఆలోచన బయటికి చెబుతూ ఉంటే వాళ్లే చేయందిస్తారు.

మ్యాథ్స్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి ఎందుకు వస్తున్నారు అంటే ఏం చెప్పాలి?

చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే ఇష్టం అనకండి, ఎవరూ నమ్మరు. మీరు చేసిన పని చూపించండి: డిగ్రీలో ఫలానా పద్ధతి చదివాను, దాన్ని కంప్యూటర్‌తో చేయిద్దామని ప్రోగ్రాం రాశాను, అక్కడి నుంచి ఇందులోకి వచ్చాను. ఆ ప్రోగ్రాం గిట్‌హబ్‌లో ఉండాలి మరి.

కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు తీసుకుని రెండేళ్ల అనుభవం పెట్టిస్తామంటున్నారు. వెళ్లొచ్చా?

వద్దు. తప్పొప్పుల సంగతి అటుంచి, ఇది ఇప్పుడు దొరికిపోయే పని. పాత ఉద్యోగాల తేదీలను మీ యూఏఎన్ (పీఎఫ్ నంబరు) కింద ఉన్న పీఎఫ్ రికార్డుతోనూ, పన్ను కోతల వివరాలుండే ఫారం 26ఏఎస్‌తోనూ సరిపోల్చుతారు. తనిఖీ చేరాక కూడా జరుగుతుంది, ఏడాది పని చేశాక తీసేసిన సందర్భాలు ఉంటాయి. అప్పుడు ఆ నిజమైన ఏడాది అనుభవానికి కూడా లెటరు రాదు. మీ బదులు వేరేవాళ్లు మాట్లాడే ప్రాక్సీ ఇంటర్వ్యూలదీ ఇదే కథ. ఉద్యోగం ఇచ్చే ముందు డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, లాప్‌టాప్ ఫీజు అని డబ్బు అడిగేవాళ్లెవరినీ నమ్మకండి.

## ఆఫర్ చేతికొచ్చాక

3 లక్షల ప్యాకేజీ అంటే నెలకు చేతికి ఎంత వస్తుంది?

21 వేల దాకా. 3 లక్షలను 12తో భాగిస్తే 25,000. అందులో బేసిక్ సగం, 12,500 అనుకుందాం. దాని మీద కంపెనీ వాటా పీఎఫ్ 12%, అంటే 1,500. గ్రాట్యుటీ కింద 4.81%, అంటే సుమారు 601. ఈ రెండూ ప్యాకేజీలో ఉంటాయి గానీ నెలజీతంలో రావు. మిగిలిన 22,899లోంచి మీ వాటా పీఎఫ్ 1,500, వృత్తి పన్ను 200 పోతే 21,199. వేరియబుల్ పే, బీమా ప్రీమియం కూడా ప్యాకేజీలో కలిపి ఉంటే ఇంకా తగ్గుతుంది. ఆఫర్ లెటర్ చివర ఉండే పట్టికలో ప్రతి వరసా చూసి, ఏది నెలనెలా వస్తుందో హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడగండి.

బాండు (ఇన్నాళ్లు ఉద్యోగం మానననే ఒప్పందం) రాయమంటున్నారు. రాయాలా?

ఎన్ని నెలలు, మధ్యలో వెళ్తే ఎంత కట్టాలి, ఆ మొత్తం గడిచిన నెలలను బట్టి తగ్గుతుందా అన్న మూడూ కాగితం మీద చూసుకున్నాక రాయండి. కోర్టులో బాండు చెల్లదులే అన్న హాస్టల్ గది సలహా వినకండి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు కేసులో 2 లక్షల రూపాయల బాండును సమర్థించింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటామనే కంపెనీకి మాత్రం ఇవ్వకండి. చూపించి వెనక్కి తెచ్చుకోండి.

## చేరాక మొదటి ఏడాది

డెవలప్‌మెంట్ అనుకుంటే సపోర్ట్ ప్రాజెక్టులో వేశారు. ఇరుక్కుపోయానా?

ఆరు నెలల దాకా కాదు. రెండేళ్లు కదలకపోతే అవును. సపోర్ట్‌లో, అంటే నడుస్తున్న సాఫ్ట్‌వేర్ సమస్యలు సరిచేసే పనిలో, రోజూ వచ్చే టికెట్లలో (ఫిర్యాదుల్లో) ఒకే రకంవి ఏవో లెక్కపెట్టండి. వాటిలో ఒకదాన్ని స్క్రిప్టు రాసి ఆటోమేట్ చేయండి. ముందు లీడ్‌ను అడిగి, టెస్ట్ సర్వర్ మీదే సుమా. రోజుకు గంట పట్టే పని ఐదు నిమిషాలకు దిగితే అదే మీ మొదటి డెవలప్‌మెంట్ అనుభవం, రెజ్యూమేలోనూ అలాగే రాసుకోవచ్చు. కంపెనీ లోపల జరిగే పరీక్షలు, ఖాళీల ప్రకటనలు చూస్తూ ఉండండి. 12 నుంచి 18 నెలల్లో లోపల మారలేకపోతే బయట ప్రయత్నం మొదలుపెట్టండి. నోటీసు పీరియడ్ 60 నుంచి 90 రోజులు ఉంటుందని లెక్కలో పెట్టుకోండి.

వేరేవాళ్లు రాసిన లక్ష లైన్ల కోడ్ ఇచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి పేజీ నుంచి చదవడం మానండి. సిద్ధాంతం చదివినట్టు నిర్వచనాల నుంచి మొదలుపెట్టడం మ్యాథ్స్ వాళ్లకు అలవాటు, ఇక్కడ అది పని చేయదు. తెర మీద ఒక బటన్ ఎంచుకోండి. అది నొక్కితే ఏ ఫంక్షన్ నడుస్తుంది, డేటాబేస్‌లో ఏ పట్టిక మారుతుంది అన్నది డీబగ్గర్‌తో (ప్రోగ్రామును వరస వరసగా నడిపి చూపే సాధనం) వెంబడించి కాగితం మీద బాణాలు గీసుకోండి. రోజుకు ఒక బటన్ చొప్పున రెండు వారాలు. ఎవరో రాసిన వింత షరతు కనబడితే తీసేయకండి. ఆ వరస ఏ కమిట్‌లో వచ్చిందో గిట్ బ్లేమ్‌తో చూడండి, సాధారణంగా ఏదో ఒక కస్టమర్ ఫిర్యాదు దాని వెనక ఉంటుంది. అర్థం కానిది గంట ప్రయత్నించాక అడగండి. అడిగేటప్పుడు ఏం చేసి చూశారో, ఏం వచ్చిందో రెండు వరసల్లో రాసి పంపండి.